దొంగసంతల చరిత్రము

దొంగతనమునకు దొంగ యొక్కడే కారణమని లోకము తలచును. ఇది సగము సత్యము మాత్రమే. దొంగసొత్తును కొనువాడు లేనిచో దొంగకు కన్నము వేయవలసిన పనియే యుండదు. తెచ్చిన నగను ప్రశ్నింపక కరగించువా డొకడు, కరగిన బంగారమును చవుకగా కొని యూరు దాటించువాడు మఱియొకడు, కన్నులు మూసికొని యుండుటకు ప్రతిఫలము పుచ్చుకొనువాడు వేఱొకడు, ఇందఱు కలిసిననే చౌర్యము వృత్తి యగును. కావున చౌర్యచరిత్రమును వ్రాయదలచినవాడు దొంగల బ్రతుకులకంటె దొంగసంతల స్థితిగతులను మిక్కిలి శ్రద్ధతో విచారింపవలెను.

మన కాలమున బయలుదేఱిన దొంగసంతలలో మిగుల పేరుమోసినవి బ్యాంకుకార్డుల అంకెలను అమ్మునట్టివి. ఇవి ఏ యూరి పొలిమేరలోను కానరావు. ఇంటర్నెట్టునందు, అందును సామాన్యుల చూపునకు అందని ‘డార్క్ వెబ్’ అను చీకటిమూలలందు వెలసి, పాతికేండ్లలో పుట్టి పెరిగి, కోట్లు గడించి, ఒకదానివెనుక నొకటి కూలినవి. ఇది యెక్కడనో ఒడెస్సాలోను న్యూయార్కులోను జరిగిన కథ యని మన గృహస్థులు ఉపేక్షింపరాదు. 2019లో ఇట్టి సంత యొకదానిలో మన దేశపు బ్యాంకుల కార్డులు లక్షలకొలది ఒక్కసారిగా అమ్మకమునకు పెట్టబడినవి. ఈ సంతలు ఎట్లు నిలిచినవి? వానిని కూల్చినది పోలీసుల లాఠీయా, సంతవారి పరస్పరద్రోహమా, లేక మఱియొకటియా? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు సమాధానము మన యింటి గడపవఱకు వచ్చునని మా యభిప్రాయము.

మొదట అమ్ముడుపోయిన సరుకెట్టిదో చూతము. బ్యాంకుకార్డు వెనుక నల్లని పట్టీ యొకటి యుండుట అందఱెఱిగినదే. అది అయస్కాంతపుపట్టీ, పాటల క్యాసెట్టులోని టేపు ఎట్టిదో అదియు నట్టిదే. దానిపై కార్డు సంఖ్య, గడువు తేది, మఱికొన్ని రహస్యపుటంకెలు వ్రాయబడి యుండును. ఈ వ్రాత యెన్నటికిని మాఱదు. దుకాణములోని యంత్రము దానిని చదివి, ఇదియే అసలు కార్డని నమ్మును. ఆ వ్రాతకు నకలు తీసి వట్టి కార్డుపై నెక్కించినవానికిని, కార్డు యజమానునికిని గల భేదమును యంత్రము గుఱుతింపజాలదు. తాళముతోబాటు తాళపుచెవిని గూడ తలుపునకే వ్రేలగట్టిన గృహస్థుని మన మేమందుము? బ్యాంకులు దశాబ్దములపాటు చేసిన పని యిదియే.

ఈ పట్టీ నకళ్లకు సంతలో ‘డంపులు’ అని పేరు. ఇంటర్నెట్టులో వస్తువులు కొనుటకు పనికివచ్చు సంఖ్య, గడువు, కార్డు వెనుకనుండు మూడంకెలు కలిసి వేఱొక సరుకు. వీనికి యజమానుని పేరు, చిరునామా, పుట్టినతేది మున్నగునవి చేర్చినచో అది ‘ఫుల్జ్’ అను మేలురకము. ఇందలి వింత యేమనగా, సొత్తు పోయినను యజమానుని సంచిలో కార్డు భద్రముగానే యుండును. నగ పోయిన యిల్లాలికి పెట్టె తెఱవగానే తెలియును. అంకె పోయినవానికి లెక్క చూచుకొనువఱకు తెలియదు. ఆ నడిమికాలమే దొంగకు పంటకాలము.

ఇట్టి యంకెలను లక్షలకొలది దొంగిలించినవాడు తానొక్కడే వాడుకొనలేడు. నకిలీకార్డులు తయారుచేయువారు, వానితో ఏటీఎంలలో నగదు తీయువారు, దుకాణములలో సామానులు కొని తిరిగి అమ్మువారు, వచ్చిన సొమ్మును దేశములు దాటించువారు వేఱువేఱుగ నుందురు. వీరు ఒకరి ముఖము నొకరెఱుగరు; తఱచుగా ఒకరి భాష యొకరికి రాదు. వీరినందఱిని కలుపుటకు ఒక చోటు కావలసివచ్చెను. సంత పుట్టుటకు కారణ మిది.

2001లో ఉక్రెయిను దేశపు రేవుపట్టణమైన ఒడెస్సాతో సంబంధముగల కొందఱు రష్యనుభాషీయులు ‘కార్డర్‌ప్లానెట్’ అను కూటమిని స్థాపించిరి. దాని పెద్దలు మాఫియాముఠాల బిరుదులను తమకు తగిలించుకొనిరి. మఱుసటియేట ఆంగ్లభాష మాటలాడువారికై ‘షాడోక్రూ’ అను మఱియొక సంత వెలసెను. ఈ సంతల కట్టుబాట్లు విచారింపదగినవి. అంగడి పెట్టదలచినవాడు ముందుగా నమూనా యిచ్చి, సంతవారు నియమించిన పరీక్షకుని మెప్పు పొందవలెను. కొనువానికిని అమ్మువానికిని నడుమ మధ్యస్థుడు సొమ్ము పట్టుకొని, సరుకు చేరిన పిమ్మట విడుదల చేయును. తోటిదొంగను మోసగించినవానిని పేరుపెట్టి వెలివేయుదురు. దొంగలు దొంగలు కలిసి ఊళ్లు పంచుకొన్నట్లని మనవారు సామెతగా చెప్పుదురు గాని, ఊళ్లు పంచుకొనుటకును వారికి ఒక న్యాయము కావలసియే వచ్చినది. లోకమునంతటిని వంచించువాడుగూడ తనవారియందు నమ్మకము లేక ఒక్కదినము వ్యాపారము సాగింపలేడు.

అట్టి నమ్మకమే వారిని పట్టియిచ్చెను. షాడోక్రూ పెద్దలలో నొకడైన ఆల్బర్ట్ గొంజాలెజ్ అను యువకుడు 2003లో న్యూయార్కునగరమున ఏటీఎం వద్ద నకిలీకార్డులతో నగదు తీయుచు పోలీసులకు దొరకెను. అమెరికా ప్రభుత్వపు సీక్రెట్ సర్వీసువారు అతనిని తమ వేగులవానిగా మార్చుకొనిరి. అతడు సంతవారితో, ఇకమీదట క్షేమకరమైన మార్గము నొకదానిని నేను చూపెదను, అందఱును దానిద్వారానే రాకపోకలు సాగింపుడని నమ్మబలికెను. ఆ మార్గము పొడవునను ప్రభుత్వమువారి చెవులే యుండెను. 2004 అక్టోబరులో ఒకేరాత్రి పలు దేశములలో 28 మంది పట్టుబడిరి. షాడోక్రూలో సుమారు 4,000 మంది సభ్యులుండిరనియు, కనీసము 15 లక్షల కార్డుల అంకెలు అందు చేతులు మాఱెననియు అభియోగమున వ్రాసిరి. కార్డర్‌ప్లానెట్ గూడ ఆ సంవత్సరమే మూతపడెను.

సంత కూలినది, దొంగతనము ఆగెనా? ఆగలేదు. ప్రభుత్వమువారి జీతము తినుచునే ఆ గొంజాలెజ్ తన ముఠాతో పెద్ద పెద్ద వర్తకసంస్థల లెక్కలలోనికి చొరబడెను. కంచెయే చేను మేసినది. దుకాణములలోని తీగలేని యంత్రములకు బలహీనమైన తాళములు వేసియుండుట అతనికి అనుకూలించెను. టీజేఎక్స్ అను వర్తకసంస్థనుండి 4 కోట్ల 50 లక్షలకు పైగా కార్డుల అంకెలు పోయినవని 2007లో బయటపడెను. హార్ట్‌ల్యాండ్ అను చెల్లింపుల సంస్థనుండి పోయినవి 13 కోట్లని పిమ్మట తేలెను. 2010 మార్చిలో అతనికి ఇరువదియేండ్ల చెఱ విధింపబడెను. అతడు దాచిన సొమ్ములో 11 లక్షల డాలర్లు తల్లిదండ్రుల పెరటిలో పాతిపెట్టబడి దొరకినవి. కాల మెంత మాఱినను దొంగసొమ్మునకు లంకెబిందెల గతి తప్పలేదు!

ఇంతలో కొత్తసంతలు లేచినవి. అందు ‘కార్డర్స్‌మార్కెట్’ అనుదానిని నడపినవాడు మాక్స్ బట్లర్. ఇతడు ముందు కంప్యూటర్ల రక్షణశాస్త్రమున మంచి పేరు గడించిన నిపుణుడు. 2006 ఆగస్టులో ఇతడు ఒక్కపెట్టున పోటీసంతలలోనికి చొచ్చి, వాని చిట్టాలను తుడిచివేసి, సభ్యులనందఱిని తన సంతలో కలుపుకొనెను. పూర్వము దండెత్తివచ్చిన రాజు గెలిచిన ప్రజలకు కప్పము నిర్ణయించినట్లు, ఇకమీదట మీరందఱు మా వారేయని వారికి చాటింపు పంపెను.

ఆ దండయాత్రనుండి తేఱుకొన్న సంత ‘డార్క్‌మార్కెట్’. దాని కార్యనిర్వాహకులలో ‘మాస్టర్ స్ప్లింటర్’ అను మాఱుపేరుగలవా డొకడు. అతడు నిజమునకు కీత్ ములార్‌స్కీ అను ఎఫ్‌బీఐ యుద్యోగి. బట్లర్ తన విద్యచేత ఈ రహస్యమును కనిపెట్టి, మీ సంతను ప్రభుత్వమువారే నడుపుచున్నారని బాహాటముగ చాటెను. ఎవ్వరును నమ్మలేదు! పోటీవర్తకుడు అసూయచేత నిందించుచున్నాడని తలచి, సంతవారు ములార్‌స్కీయందే విశ్వాసముంచిరి. ఎల్లప్పుడు అబద్ధమాడువారి నడుమ ఒకనాడు నిజము చెప్పినను చెల్లదని ఇంతకంటె తేటగా చూపు ఉదాహరణము మాకు కానరాదు. బట్లర్ 2007 సెప్టెంబరులో పట్టుబడి, 2010లో పదుమూడేండ్ల శిక్ష పొందెను. 2008 అక్టోబరులో డార్క్‌మార్కెట్ మూతపడినప్పుడు పలుదేశములలో కలిసి 56 మందిని పట్టుకొంటిమని ఎఫ్‌బీఐవారు ప్రకటించిరి.

ఈ యనుభవమునుండి దొంగలు ఒక పాఠము నేర్చిరి. పదిమంది కూడి మాటలాడుకొను చోట వేగులవాడు దూరుట సులభము. కావున అమ్ముడులో మాటలతో పని లేకుండ చేసిరి. ఈ కొత్త తీరున సంత పోయి దుకాణము వచ్చినది. కొనువాడు లోనికి వచ్చి, ఏ దేశపు కార్డు, ఏ బ్యాంకుది, ఏ యూరిది కావలయునో ఎంచుకొని, వెల చెల్లించి, అంకెలు తీసికొని పోవచ్చును. చెల్లనివానికి కొంత గడువులోపల సొమ్ము వాపసు ఇచ్చు పద్ధతియు కలదు. ఇట్టి దుకాణములను పెంచినవారిలో ముఖ్యుడు రోమన్ సెలెజ్నెవ్, రష్యాశాసనసభ సభ్యుని కుమారుడు. ఇతడు 2014 జూలైలో మాల్దీవులలో పట్టుబడినప్పుడు అతని కంప్యూటరులో 17 లక్షల కార్డుల అంకెలుండెను. ఇతని వలన కలిగిన నష్టము 16 కోట్ల 90 లక్షల డాలర్లని అమెరికా న్యాయస్థానమున లెక్క తేల్చిరి.

ఈ లెక్కలు పెద్దవి. వినువారికి తల తిరుగునుగాని మనస్సు కరగదు. కాని ఆ నష్టము ఎవరి నెత్తిన పడినదో చూడుడు. సెలెజ్నెవ్ తఱచుగా ఎంచుకొన్నవి పెద్ద సంస్థలు కావు. చిన్న భోజనశాలలు, రొట్టెల అంగళ్లు. వారికి తమ లెక్కలయంత్రమును కాపాడుకొను నేర్పును లేదు, కాపరిని పెట్టుకొను శక్తియు లేదు. సియాటిల్ నగరమున బ్రాడ్వే గ్రిల్ అను భోజనశాల ఈ దాడితరువాత దివాలా తీసినది. ఆ యంగడిలో వడ్డించి బ్రతికిన పనివారు ఏ దొంగకు ఏ యపకారము చేసిరి? బ్యాంకు సొమ్మే గదా పోయినదని తేలికగా మాటలాడువారు దీనిని గమనింపవలెను. సెలెజ్నెవ్‌కు 2017లో ఇరువదియేడేండ్ల శిక్ష పడెను. 2024 ఆగస్టులో ఉభయదేశములు ఖైదీలను మార్చుకొన్నప్పుడు అతడు రష్యాకు తిరిగిపోయెను.

సొమ్ము చెల్లించు మార్గములుగూడ ఈ కాలమున మాఱినవి. కోస్టారికా దేశమున నడచిన ‘లిబర్టీ రిజర్వ్’ అను సంస్థ దొంగలకు చిరకాలము షరాబుగా నుండెను. 2013 మేలో అది మూతపడగా, వారు బిట్‌కాయిన్ వైపు మరలిరి. అంతకుముందే వాడుకలోనికి వచ్చిన ‘టార్’ అను వల, వచ్చిపోవువారి జాడ తెలియనీయక కాపాడుచుండెను. దీనికి మూలము అమెరికా నౌకాదళపు పరిశోధనాలయమున జరిగిన కృషి. నిరంకుశప్రభుత్వముల కన్నుగప్పి సత్యము చెప్పదలచిన పత్రికాకర్తలకు నేటికిని అదియే యాశ్రయము. కత్తి కూర తఱుగుటకును కుత్తుక కోయుటకును సమానమేయైనట్లు, ఈ చీకటి సాధుజనులకును చోరులకును సమానముగనే తోడ్పడినది.

చీకటివల, కొత్తనాణెము, మాటలక్కఱలేని దుకాణము ఈ మూడును కలిసినప్పుడు దొంగవ్యాపారము ఉచ్ఛదశ నందెను. 2013 చివర అమెరికాలోని ‘టార్గెట్’ అను వర్తకసంస్థనుండి సుమారు 4 కోట్ల కార్డుల అంకెలు పోయి, దొంగదుకాణములందు బుట్టలకొలది అమ్ముడయ్యెను. 2014 అక్టోబరులో ‘జోకర్స్ స్టాష్’ అను దుకాణము తెఱవబడి, కొలది కాలముననే ఈ వ్యాపారమున అగ్రస్థానము నాక్రమించెను. 2019 అక్టోబరు 28వ తేదీన దానిలో 13 లక్షలకు పైగా కార్డుల మూట యొకటి అమ్మకమునకు వచ్చినదని గ్రూప్-ఐబీ అను పరిశోధకసంస్థ బయటపెట్టెను. వానిలో నూటికి 98 వంతులు మన దేశపు బ్యాంకులవే. ఒక్కొక్క కార్డు వెల 100 డాలర్లు. మొత్తము 13 కోట్ల డాలర్ల సరుకు. ఏ గ్రామమున ఏ గుమాస్తా జీతపుఖాతా అందుండెనో, ఏ వితంతువు పింఛనుఖాతా అందుండెనో, కొన్నవానికి తెలియదు; పోగొట్టుకొన్నవారికిని తెలియదు.

ఉచ్ఛదశయందే పతనబీజములు మొలకెత్తినవి. ఆ 2019లోనే ‘బ్రియాన్స్‌క్లబ్’ అను దుకాణమునకు ఎవ్వరో కన్నము వేసి, అందున్న 2 కోట్ల 60 లక్షల కార్డుల చిట్టాను బయటికి తెచ్చిరి. అది బ్యాంకులవారికి చేరగా, వారు ఆ కార్డులను రద్దుచేయ వీలయ్యెను. దొంగకు తేలు కుట్టినట్లైనది. ఏ పోలీసుతో మొఱపెట్టుకొనును? 2021 జనవరిలో జోకర్స్ స్టాష్ యజమాని తాను అంగడి కట్టివేయుచున్నానని ప్రకటించి, ఫిబ్రవరిలో తప్పుకొనెను. ఆ దుకాణమును నడపెనని రష్యాదేశీయు డొకనిపై 2024 సెప్టెంబరులో అమెరికాప్రభుత్వము అభియోగము మోపినది. దాని పిమ్మట ప్రథమస్థానము వహించిన ‘యూనీసీసీ’ గూడ, 35 కోట్ల డాలర్లకు మించిన వ్యాపారము చేసి, 2022 జనవరిలో విరమించెను. 2022 ఫిబ్రవరిలో రష్యాపోలీసులే ఫెరమ్‌షాప్, ట్రంప్స్ డంప్స్ మున్నగు దుకాణములను స్వాధీనపఱచుకొని, తరువాతివాడు మీలో నెవడని ప్రశ్నించు వాక్యమును ఆ పుటలలో దాచియుంచిరి.

తరువాత వచ్చిన ‘బిడెన్‌క్యాష్’ స్థితి చూచిన, ఈ వ్యాపార మెంత క్షీణించెనో తెలియును. అది బేరములు రాబట్టుటకై లక్షలకొలది కార్డుల అంకెలను ఉచితముగ వెదజల్లెను. 2025 జూన్‌లో అమెరికాప్రభుత్వము దాని యిరవులను పట్టుకొన్నప్పుడు, ఒకటిన్నర కోటి కార్డుల అంకెలు దానిద్వారా చేతులు మాఱినను, వచ్చిన రాబడి 1 కోటి 70 లక్షల డాలర్లు మాత్రమేయని తెలిపినది. ఆఱేండ్లక్రిందట ఒక్క భారతదేశపు మూటకు కట్టిన వెలలో ఎనిమిదవవంతు మాత్ర మిది. అంగడివాడు సరుకును దారిపొడవున చల్లుచున్నాడనిన, ఆ సరుకునకు గిరాకి తగ్గినదని చెప్పక తప్పదు.

గిరాకి యేల తగ్గినది? చెఱసాలలు దొంగలను వెఱపించినమాట నిజము. అన్యోన్యద్రోహము వారి కూటములను చీల్చినమాటయు నిజము. కాని ఈ రెండును 2004 నుండి యున్నవే. షాడోక్రూ పోగా డార్క్‌మార్కెట్ వచ్చెను; అది పోగా దుకాణములు వచ్చెను; ఒకదానిని మూసిన మఱియొకటి తెఱవబడెను. చెఱువు గట్టు తెగియుండగా కడవలతో నీరు తోడిపోసినట్లుండెను ప్రభుత్వముల శ్రమ. గట్టు కట్టినది వేఱొక సంస్కారము: దొంగిలింపదగిన వస్తువునే పనికిరానిదిగ జేయుట.

కార్డుమీది చిన్న చిప్పు ఈ పని చేసినది. పట్టీమీది వ్రాత యెన్నడును మాఱదని మొదటనే చెప్పితిమి. చిప్పు అట్లు గాక, ప్రతి చెల్లింపునకును ఒక కొత్త సంకేతమును పుట్టించును. నేటి సంకేతమును దొంగిలించినవానికి అది రేపు పనికిరాదు. బ్రిటనులో 2006 ఫిబ్రవరినుండి చిప్పును రహస్యసంఖ్యయు నియమమైనవి. అమెరికాలో వర్తకులును బ్యాంకులును ఖర్చునకు వెనుదీసి చాలకాలము జాగుచేసిరి. టార్గెట్ దోపిడి జరిగిన పిమ్మటనే ప్రజల కన్నులు తెఱచుకొనెను. 2015 అక్టోబరునుండి చిప్పును వాడనివారే నష్టము భరింపవలెనను కట్టుబాటు అచట అమలునకు వచ్చెను. దాని ఫలితముగ, చిప్పునకు మాఱిన దుకాణములలో నకిలీకార్డుల మోసము మూడేండ్లలోపలనే నూటికి 76 వంతులు తగ్గినదని వీసా సంస్థ 2018 నాటి లెక్కలతో చూపెను. ఏ చెఱసాలయు ఇంత పని చేయలేదు.

ఈ విషయమున మన దేశము కొన్నిటియందు ముందు నడచినది. 2009 ఆగస్టునుండియే ఇంటర్నెట్టులో కార్డుతో కొనువారు రెండవ రహస్యమును గూడ చెప్పవలెనని రిజర్వుబ్యాంకు విధించెను. పట్టీ మాత్రమే గల కార్డులను మార్చుటకు 2018 డిసెంబరు 31వ తేదీని గడువుగా నియమించెను. కొత్తగా ఇచ్చు కార్డులు విదేశములలోను ఇంటర్నెట్టులోను యజమానుడు కోరిననే పనిచేయునట్లు 2020 అక్టోబరునుండి ఏర్పాటయ్యెను. 2022 అక్టోబరునుండి వర్తకులు మన కార్డుల అంకెలను తమయొద్ద దాచియుంచుకొనుట నిషేధింపబడెను. ఈ మార్పులన్నిటి యందును గల సూత్ర మొక్కటియే: దొంగకు దొరకినదానితో ఏమియు చేయలేని స్థితి కల్పించుట. విదేశములలోని కొన్ని యంగళ్లు రెండవ రహస్యమును అడుగవు గనుక ఈ గట్టునందు ఇంకను చిల్లులు కలవు. దొంగదుకాణములు పూర్తిగా మాసిపోలేదు. అయినను పూర్వపు వైభవము వానికి లేదు.

కథ ఇక్కడ ముగిసినచో సంతోషముతో కలము పెట్టెదము. కాని దొంగ యూరకుండువాడు కాడు. అంకె యొక్కటే చాలనినాడు అతడు యంత్రములను పగులగొట్టెను. అంకెతోబాటు సెల్‌ఫోనునకు వచ్చు ఓటీపీ గూడ కావలసిననాడు, అది యజమానుని నోటనుండి రావలసినదే గనుక, యజమానునికే ఫోను చేయ మొదలిడెను. జార్ఖండులోని జామ్‌తాడా జిల్లా ఇట్టి టెలిఫోను మోసములకు దేశమంతట అపకీర్తి గడించినది. మీ కార్డు నిలిచిపోవుచున్నదని యొకడు, మీ ఖాతాకు కేవైసీ లేదని యొకడు, మేము పోలీసులము, మిమ్ము ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమని యొకడు. ఇట్టి యరెస్టు మన చట్టమున ఎచ్చటను లేదు.

ఈ కొత్తవృత్తికి మన బిడ్డలే కూలివాండ్రగుచున్నారు. ఉద్యోగముల యాశ చూపి విశాఖపట్టణమునుండి కంబోడియాకు కొనిపోబడిన యువకులు, అచట మోసపుకొట్టులలో నిర్బంధింపబడి, స్వదేశీయులనే ఫోనులలో వంచించుటకు బలవంతపెట్టబడిరి. 2024 మేలో వారు ఎదురుతిరుగగా, కొందఱు ఇల్లు చేరగలిగిరి. ఒక తెలుగుతల్లి కొడుకు నిర్బంధమున కూర్చుండి ఫోను చేయుచుండ, మఱియొక తెలుగుతల్లి ఇచ్చట ఆ ఫోను నెత్తుచున్నది. ఇంతకంటె ఘోరమైన సంతను ఒడెస్సావారు ఊహింపనైనలేదు.

ఇప్పు డీ గట్టు ఎచ్చట కట్టవలెను? యంత్రమున కట్టవలసినది చాలవఱకు కట్టబడినది. మిగిలిన చోటు మన యిల్లు. అచట దొంగకు సాయపడు లోపములు రెండు కలవని మేము తలంతుము. మొదటిది అజ్ఞానము. మన యిండ్లలో ఖాతా స్త్రీ పేరనుండును, ఫోను కొడుకు చేతనుండును, రహస్యసంఖ్య మగనికి మాత్రమే తెలియును. వంటయింటి డబ్బాలలో పోపుగింజల లెక్క తప్పనీయని యిల్లాలికి తన ఖాతాలో నెంత యున్నదో తెలియదు. చదువుకొన్న యింటనుగూడ ఇట్లే యుండుట మిక్కిలి శోచనీయము. తన సొమ్మును తానే చూచుకొనుట నేర్వని మనిషి, ఎవడో అధికారినని గద్దించినంతనే తలయొగ్గును. స్త్రీవిద్య యనగా కథలు చదువనేర్చుటతో ముగియదు. బ్యాంకునుండి వచ్చిన వర్తమానమును చదివి, ఇది నేను చేసిన ఖర్చు కాదని చెప్పగలుగుటయు అందులోనిదే.

రెండవది సిగ్గు. సొమ్ము పోగొట్టుకొన్న తండ్రి కొడుకుతో చెప్పడు. కోడలు అత్తతో చెప్పదు. చెప్పిన యెడల ఇంత చదివియు మోసపోయితివా యని యింటివారే యెత్తిపొడుతురు. ఈ మాటకు వెఱచి మూడు దినములు దాచుకొన్నవాడు, ఆ మూడు దినములలోనే మిగిలినదియు పోగొట్టుకొనును. తన తప్పు లేక సొమ్ము పోయినవాడు మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలిపినచో నష్టమంతయు బ్యాంకే భరింపవలెనని రిజర్వుబ్యాంకు 2017 జూలైలో ఉత్తరువు చేసినది. ఫిర్యాదు తీసికొనుటకు 1930 అను టెలిఫోను సంఖ్యను ప్రభుత్వము ఏర్పఱచినది. ఎంత త్వరగా చెప్పిన అంత సొమ్ము నిలుపుటకు వీలుండును. చట్టమునకు కాలము ముఖ్యముకాగా, మన యింటి మర్యాద ఆ కాలమును దొంగకు దానము చేయుచున్నది.

దొంగల చరిత్రయందు మనము నేర్వదగిన దొకటి కలదు. ఆ సంతలు నిలిచినది సంతవారి పరస్పరవిశ్వాసమువలన. కూలినది ఆ విశ్వాసము చెడి, సరుకు నిరర్థకమగుటవలన. వారు తోటిదొంగను నమ్ముటకు మధ్యస్థులను, పరీక్షకులను నియమించుకొనిరి. మనము మన యింటివారితో నిజము చెప్పుటకు మాత్రము వెనుదీయుచున్నాము. ఈ నెల బ్యాంకులెక్క వచ్చినప్పుడు, ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి దానిని చదువుకొనుడు. ముసలివారికి విసుగుకొనక బోధింపుడు. ఎవరైన మోసపోయితినని చెప్పినప్పుడు మొదటిమాటగా నిందింపక, మొదటిపనిగా బ్యాంకునకు ఫోను చేయుడు. ఇల్లు మాటలాడనేర్చిననాడు దొంగకు అమ్మదగిన సరుకు మన దగ్గఱ మిగులదు.